గులాబీ వైరు

నా కొట్టుకి వచ్చేసరికి ఆ బండికి
సీటు కింద రెండు వైర్లు వేలాడుతున్నాయి,
చివర్లకి నల్లటేపు బిగించి,
మూతికి చిక్కం కట్టిన దూడల్లా.

విశాఖలో ఎవరిదో పాత బండి.
సైలెన్సరు మార్చినవాడే, పెట్రోలు లెక్క సరిచెయ్యడానికి
రెండు అగ్గిపెట్టెలు పేర్చినంత డబ్బా తగిలించాడు.
ఈ రెండూ కలపకుండానే అమ్మేశాడు.

కొన్నది ఆరిక జమ్మన్న.
పాచిపెంట మీది కొండూళ్ల నుంచి
నీలం పెట్టెలో ఐసు మధ్య నెత్తురు సీసాలు పేర్చుకుని
విజయనగరం లేబుకి దించే పని.
"ఘాటీలో రెండో గేరు కాడ దగ్గుతాది మామా.
మరేటీ నేదు. ఆ రెండో దాని కాడే."

నేను నెల్లిమర్ల మిల్లులో స్పిన్నింగోణ్ణి.
ఇరవై రెండేళ్లు, తెగిన పోగుకి పోగు అతికాను.
లాకౌటు బోర్డు కట్టిన ఏడు
ఒక మల్టీమీటరు కొని గేటెదురుగానే కూర్చున్నాను.
బీ షిఫ్టు కూత ఇప్పుడు లేకపోయినా
రెండయ్యేసరికి చెయ్యి దానంతటదే ఆగుతుంది.

డబ్బా తప్పేం లేదు.
దానికి తెలిసినవి రెండే ముక్కలు:
పిడి ఎంత తిప్పారు, ఇంజను ఎంత తిరిగింది.
బండి నడుస్తోందో, స్టాండు మీద ఊరికే అరుస్తోందో,
లోపల ఏ పన్ను ఏ పన్నుని పట్టుకుందో
చెప్పినవాళ్లు లేరు.
గంతలు కట్టి పొయ్యి దగ్గర నిలబెట్టి
ఉప్పెయ్యమంటే ఎవరైనా ఎంతని వేస్తారు?

గులాబీది వేగానికి. తెల్లది గేరుకి.

వేగం సెన్సరు వైరుని కొయ్యకూడదు,
పక్కన తోలు గోకి గులాబీని చేర్చాలి.
నేను కోసేశాను.
వెనక చక్రం గాల్లో గిర్రున తిరుగుతోంది,
మీటరు మీద సున్నా.
జమ్మన్న ఏమీ అనలేదు.
ఖాళీ నీలం పెట్టె మూత తీసి, మళ్లీ మూశాడు.

అప్పుడు వేళ్లకి గుర్తొచ్చింది.
రెండు చివర్లూ అంగుళం వొలిచి, పాయలు విప్పి,
ఒకదాన్లోకి ఒకటి దూర్చి, ఎడమకి మెలి.
గోగునారకైతే ఉమ్మి చాలు.
రాగికి సీసం కావాలి.
గులాబీని కూడా ఆ ముడిలోకే లాగి టంకం వేశాను.
మీటరు లేచింది: నాలుగు, పదకొండు, ఇరవై ఆరు.

గేరు వైరు సంగతి వేరు.
అది టిక్కుటిక్కుమని కొట్టుకోదు,
మెట్టుకో అంకె చెప్పి ఊరుకుంటుంది.
ఒకటో గేరుకి ఒకటీ డెబ్భై ఏడు వోల్టులు.
మూడుకి రెండూ తొంభై.
నాలుగూ అయిదూ మర్యాదగా పైకెక్కాయి.
రెండో గేరు వేస్తే మాత్రం అంకె నిలవదు,
రెండూ ఇరవై, సున్నా, మళ్లీ రెండు, మళ్లీ సున్నా.
పేరడిగితే నసిగే కుర్రాడిలా.

విప్పి చూస్తే ఆ ఒక్క మెట్టు మీద
పచ్చగా చిలుం.
ఎన్ని వానల నీళ్లో అక్కడే చేరి కూర్చున్నాయి.
బండి అసలు బుర్రకి కూడా ఇన్నాళ్లూ
రెండో గేరు రెండో గేరని తెలీదన్నమాట.
మా ఆవిడ పాత పళ్లబ్రష్షుతో గీకాను,
పెట్రోలు గుడ్డతో తుడిచాను.
మేనల్లుడి లేప్‌టాప్ పెట్టి, ఒక్కో గేరూ వేసి,
ఇది ఒకటి, ఇది రెండు, అని డబ్బాకి చెప్పించాను.
రెండోదానికి నూటికి నాలుగు పాళ్లు పెట్రోలు పెంచాం.

మజూరీ మూడొందలంటే
మూడొందలూ, రెండు కొండచీపుళ్లూ ఇచ్చాడు.

ఏడింటికి ఫోను.
వెనకాల గాలి, ఎక్కడో నీళ్ల చప్పుడు.
"మామా, రెండో మలుపు దాటినాను.
దగ్గనేదు. మూడో మలుపు కాడ—"
టవరు పోయింది.

మిగిలిన గులాబీ ముక్క
వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టి,
షట్టరు సగం దించి
కూర్చున్నాను.